నుదుటి మీద చెయ్యి

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. బడి చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, మిల్లులో షిఫ్టు దిగగానే గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. గ్రహణాల గురించి, నిద్ర గురించి, మనిషి భయం గురించి అక్కడ దొరికినవన్నీ చదివాను. మా వాడలో ఎవరికైనా పూనకం వస్తే, అది ఎందుకు వస్తుందో వివరించబోయి తిట్లు తిన్నాను. అందుకే ఇది రాయడానికి ఇన్నేండ్లు వెనకాడాను.

అరవైల మొదట్లో మాట. మా అమ్మకు రెండు కండ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాలు, వచ్చింది. ఊళ్లు తిరిగే వైద్యుడొకడు సూదితో పొర తీస్తానని ఎడమ కన్ను పూర్తిగా పోగొట్టాడు. మిగిలిన కుడి కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయే స్తోమత మాకు లేదు. ఆ చలికాలం వరంగల్‌లో కొందరు దాతలు కలిసి ఒక బడిలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. అమ్మను అక్కడ చేర్చాను.

ఆ రోజుల్లో ఆపరేషన్ కంటే తర్వాతి రోజులే గండం. రెండు కండ్లకూ కట్టు కట్టేవారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవారు. వెల్లకిలా పడుకోవాలి, దగ్గకూడదు, తల ఎత్తకూడదు. కదిలితే కోసిన చోట విచ్చుకుని కన్ను కారిపోతుందని డాక్టరు గారు అందరికీ చెప్పారు. అమ్మకు మళ్లీ మళ్లీ చెప్పారు, ఆమెకు ఇంకో కన్ను లేదు గనక.

కదలకుండా పడుకుని విసుగెత్తినవాళ్లకు నేను కథలు చదివి వినిపించేవాణ్ణి. అమ్మ పక్క మంచం మల్లమ్మది, మడికొండ ఆమె. "నీ కొడుకు సదువుతాంటే నిద్ర మంచిగ పడతాంది వదినా" అని నన్ను ఆటపట్టించేది.

ఆ మధ్యాహ్నం తోడున్నవాళ్లంతా అన్నాలకు పోయారు. నర్సు ఆపరేషన్ గదిలో ఉంది. మంచాలు వేసిన హాల్లో కండ్లు తెరిచి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. గుమ్మం దగ్గర నిలబడి చదువుతున్నాను. అమ్మ మంచం ఆ చివరన ఉంది.

శిబిరం కోసం తరగతుల్లోని బెంచీలను తీసి వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. అవి ఒక్కసారిగా కూలాయి. నేల అదిరింది. "కప్పు కూలుతాంది, లేవుండ్రి!" అని మంచాల్లోంచి ఎవరో అరిచారు.

హాలంతా లేవబోయింది. ఇసుక సంచులు జారి కింద పడ్డాయి. అమ్మ తల దిండు వదిలింది. మోచేతుల మీద ఆనుకుని భుజాలు కూడా పైకి లేపుతోంది. నేను ఇటు గుమ్మం దగ్గరున్నాను. పరుగెత్తినా అందుకోలేను.

అప్పుడు తలలన్నీ వెనక్కి పోయాయి. దబ్బున పడలేదు. పసిపిల్లను పడుకోబెట్టినట్టు, మెల్లగా, అందరివీ కలిసి దిండ్ల మీద ఆనాయి. ఆ తర్వాత ఒక్క మంచమూ కిర్రుమనలేదు.

ముందు మాట్లాడింది మల్లమ్మ. "ఎవలమ్మా నువ్వు? చెయ్యి గింత సల్లగున్నది!"

"నా నొసలు గూడ పట్టింది," అంది అమ్మ. అవతలి మంచాల నుంచి కూడా అదే మాట వినిపించింది. హాల్లోకి ఎవరూ రాలేదని నేను చెప్పాను.

"కట్లు మాకున్నయి. సూడాల్సింది నువ్వు గదరా, సదువుకున్నోడా!" అని మల్లమ్మ నా మీద విరుచుకుపడింది. వచ్చింది ఎల్లమ్మ తల్లేనంది.

మేము చర్చికి పోయేవాళ్లం. ప్రభువు చెయ్యి కావచ్చని నేను మాట వరసకు అన్నాను.

"ప్రభువు గాజులేసుకుంటడారా? నా నొసటికి తగిలినయి," అంది అమ్మ.

"నవ్వియ్యకు వదినా, కన్ను పోతది," అంది మల్లమ్మ.

నా దగ్గర వివరణ లేకపోలేదు. బెదిరిపోయిన గుంపులో ఒకరు ఒక మాట అంటే, మిగతావాళ్లు అది తమకూ జరిగిందనుకుంటారు. ఇది నేను చదివిన విషయమే. అదే వాళ్లకు చెబుదామనుకుంటూ జారిన సంచులు సర్దుతూ పోయాను.

ఒక మంచంలో నర్సంపేట వైపు రైతు ఉన్నాడు. పుట్టు చెవుడు, మాట రాదు. కండ్లకు కట్టు. హాల్లో అన్న మాటల్లో ఒక్కటీ ఆయనకు చేరే దారి లేదు. నేను సంచి సరిచేస్తుంటే నా తల తడిమి పట్టుకుని, అరచేతిని నా నుదుటి మీద పెట్టి మెల్లగా నొక్కాడు. తర్వాత తన మణికట్టు చుట్టూ వేలు తిప్పి చూపించాడు. గాజులు.

నా వివరణ అక్కడే ఆగిపోయింది.

కట్లు విప్పిన రోజు డాక్టరు గారు వేళ్లు చూపిస్తే అమ్మ సరిగ్గా చెప్పింది. ఆ హాల్లో ఒక్కరి కన్నూ చెడలేదు. అమ్మ నన్ను చూసింది, నా గడ్డం తడిమింది, తర్వాత నన్ను వదిలేసి బయలుదేరింది. వంట చేసే ఆమెను, ఊడ్చే ఆమెను, నీళ్లు మోసే ఆమెను, గాజులు లేకపోయినా నర్సును కూడా ఆపింది. "జర చెయ్యియ్యమ్మా" అని ఒక్కొక్కరి అరచేతిని తన నుదుటికి ఆనించుకుంది. "నువ్వు గాదు బిడ్డా, పో" అని పంపేసింది.

అమ్మ ఆ కంటితో చాలా ఏండ్లు చూసింది. కొత్తగా ఏ ఆడమనిషి పరిచయమైనా ముందు చెయ్యి అడిగేది. అడిగించుకున్నవాళ్లు నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు దొరకలేదు. ఎంత చదివినా నాకూ అంతుపట్టలేదు.