నవమినాడు మూసిన లాప్‌టాప్

అమ్మ గొంతులో ఉన్నది క్యాన్సర్ అని తేలాక, స్వరపేటిక తీసేయక తప్పదని బ్రిస్బేన్ డాక్టర్లు చెప్పారు. ఆ తరవాత మాట ఉండదు. ఆపరేషన్‌కి ఆరు వారాల గడువుంది. ఆ ఆరు వారాలూ ఇక్కడ, ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊళ్ళో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని అమ్మ నా పాత లాప్‌టాప్‌తో మాట్లాడింది.

నాకు చెప్పిన చదువే మళ్ళీ చెప్పింది. చిన్నప్పుడు గుండె జబ్బు వల్ల నన్ను బడికి పంపలేదు. అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు, సంధ్యవేళ చదివే స్తోత్రాలు అన్నీ అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. వాటినే తెలుగు చదవడం రాని మనవరాలి కోసం, అంటే మా అమ్మాయి కోసం, ఒక్కో పాఠంగా రికార్డు చేసింది. గొంతు బొంగురుపోయినా పద్యం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచో బలం తెచ్చుకునేది. మొత్తం నలభై ఒక్క పాఠాలు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. అప్పటినుంచి అమ్మ పిల్లలు బొమ్మలు గీసుకునే తెల్ల పలక మీద రాసి చూపిస్తోంది.

దసరాల నాటికి లాప్‌టాప్ మరీ మొరాయించింది. తెరుచుకోవడానికే పావుగంట. నవమి పొద్దున, యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివే మా అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని నవ్వింది.

"అమ్మా, సీరియస్లీ, దీన్ని మ్యూజియమ్‌కి ఇచ్చెయ్."

"పారేసే మాట ఎత్తకు. అందులో అమ్మమ్మ గొంతుంది."

"రిలాక్స్! దీంట్లో ఒక తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను. ఓపెన్ సోర్స్. బ్రౌజర్ తప్ప ఏమీ ఉండదు, మిగతాదంతా క్లౌడ్‌లోనే. ఇలాంటి ముసలి మెషీన్లు కూడా పరిగెడతాయి."

"ఎంతేమిటి?"

"ఫ్రీ. ఎవరెవరో కలిసి రాస్తారు, అందరికీ ఇస్తారు. దట్స్ ఇట్."

ముఖాలు తెలియని మనుషులు, ముఖాలు తెలియని వాళ్ళ కోసం. నాకది అన్నదానంలా తోచింది. వాళ్ళందరికీ మనసులోనే నమస్కారం చేశాను.

"కానీ అది వేస్తే లోపలున్నదంతా వైప్ అయిపోతుంది. అందుకే ముందు ఫైల్స్ క్లౌడ్‌లోకి పంపుతున్నాను. మన నెట్ సంగతి తెలుసుగా, రేపటిదాకా పడుతుంది. అలా వదిలెయ్" అని చెప్పి యూనికి వెళ్ళిపోయింది.

నేను అలా వదిలేయలేదు. నవమినాడు మా ఇంట్లో పుస్తకాలూ పనిముట్లూ అమ్మవారి ముందు పెట్టి, దశమి పొద్దున పూజ అయ్యేదాకా ముట్టుకోం. పుస్తకాన్ని తెరిచి పెట్టం, మూసే పెడతాం. ఆ అలవాటు కొద్దీ లాప్‌టాప్ మూత వేసి, కత్తెరకీ కత్తిపీటకీ పక్కన పెట్టాను. అమ్మ తన చేత్తో మూత మీద గంధం రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఛార్జర్ తీయలేదు, పక్కన చిన్న లైటు వెలుగుతూనే ఉంది. లోపల పని నడుస్తోందనే అనుకున్నాను. మూత వేయగానే అది నిద్రపోయి, పంపడం ఆపేస్తుందని నాకు తెలియదు.

దశమినాడు పూజ అయ్యాక అమ్మాయి అడిగింది.

"అన్నీ వెళ్ళాయా?"

"వెళ్ళే ఉంటాయి. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉందిగా."

అమ్మాయి ఫోన్‌లో చూసింది. క్లౌడ్‌లో అమ్మమ్మ పేరుతో ఫోల్డర్ కనిపించింది. లోపలికి వెళ్ళి లెక్క చూసుకోలేదు. అరగంటలో కొత్త సిస్టమ్ ఎక్కింది. నిజంగానే లాప్‌టాప్ చటుక్కున తెరుచుకుంది. మా అమ్మాయి ఫోల్డర్ తెరిచింది. రెండే పాఠాలు.

"అమ్మా... మూత మూశావా?"

నేను మూత మీది కుంకుమ బొట్టు వైపు చూశాను.

మా ఆయన ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్‌ని ఊళ్ళో రిపేర్ షాపుకి తీసుకెళ్ళారు. పాత ఫైళ్ళ మీద కొత్త సిస్టమ్ రాసేసుకుంది, ఇక అవి రావన్నాడట షాపతను. "నేను చెక్ చేయాల్సింది, ఒక్క నిమిషం పని" అంటూ అమ్మాయి గరాజ్‌లో కారులో కూర్చుని ఏడ్చింది. "నీది కాదు తల్లీ, నాది" అంటే వినదు.

నాలుగు రోజులు అమ్మకి చెప్పలేకపోయాను. అయిదో రోజు తనే పలక మీద రాసింది: మనవరాలు ఎన్నో పాఠం వింటోంది?

చెప్పాను. మూత సంగతి కూడా దాచలేదు. అమ్మ పలక తుడిచింది. తరవాత రాసింది: ఎన్ని మిగిలాయి?

"రెండు."

వినిపించమని చెయ్యి ఊపింది. మొదటిది పెట్టాను. కుక్కర్ కూత, దాని వెనక అమ్మ గొంతు: "ఇది వింటోందా? ఏమనాలే నేను?" అమ్మ, ఊపిరి కోసం ఆపరేషన్‌లో మెడకి పెట్టిన రంధ్రం దగ్గర బట్ట పెట్టుకుని, ఆపమని సైగ చేసింది. రెండోది వినలేదు. ఆ రోజు గంజి కూడా తాగలేదు.

మర్నాడు పొద్దున నన్ను బల్ల దగ్గరికి పిలిచి, లాప్‌టాప్ నా ముందుకి జరిపింది. నువ్వు చెప్పు, తప్పుంటే ఆపుతాను, అని రాసింది. నేను మూడో పాఠం మొదలుపెట్టాను. పద్యం రెండో పాదంలోనే అమ్మ చెయ్యెత్తింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఎత్తింది. తప్పు రాగంలో, అది పలక మీద రాసి చూపేది కాదు, పాడి చూపే గొంతు లేదు, నాకు తట్టేదాకా ఎదురుచూడాల్సిందే. ఒక్క పద్యానికి గంట పట్టింది.

అది క్లౌడ్‌లోకి వెళ్ళిందో లేదో అమ్మాయి మూడుసార్లు చూసింది. వెళ్ళింది. దిద్దడానికి అమ్మని మిగిల్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఆ రోజు ఆ దణ్ణం చేతులతోనే పెట్టాను, మనసుతో కాదు. క్లౌడ్‌లోకి వెళ్ళింది నా గొంతు, అమ్మది కాదు.