ఎల్ అంటే ఎడమ

రాచర్ల దాటాక బస్సులో నా ఎడమ చెవికి పాఠం వినిపించడం ఆగిపోయింది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని నేను. పంతులమ్మ ఫోన్‌కు పంపే పాఠం ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విని, పలక మీద దిద్దుకుంటాను. చెవి పోతే నా చదువు అక్కడితో సరి. ముసలిదానికి చెవుడొచ్చిందని ఇంట్లో ఎప్పటి నుంచో అంటూనే ఉన్నారు. అదే నిజమైందేమోనన్న భయంతో వైరు పట్టుకొని గుంజాను.

"ఏంది పెద్దమ్మా, ఎద్దు పగ్గం గుంజినట్ల గుంజుతుండావు?" అంది పక్కన కూర్చున్న బురఖా ఆమె.

"వైరు కాదమ్మా, చెవే పోయింది."

"పోయిందో లేదో చూద్దాం ఉండు" అని ఆమె రెండూ నా చెవుల్లోంచి తీసి, ఇటుది అటు, అటుది ఇటు పెట్టింది. ఎడమ చెవిలో పంతులమ్మ గొంతు ఖంగుమంది. కుడివైపు చప్పుడు లేదు.

"చెవి బంగారంలా ఉంది. గులిమి పట్టింది దీనికి" అని, మూగబోయినదాన్ని తన దస్తీ కొసతో మెల్లగా తుడిచింది. "నీళ్ళు తగలనీయద్దు. తీసేటప్పుడు వైరు పట్టి గుంజద్దు. ఇదిగో, దీని మీద ఈ గీత ఇంగ్లీషు ఎల్. ఎల్ అంటే ఎడమ. రెండూ 'ఎ'తోనే. మిగిలింది కుడి" అని రెండూ తిరిగి పెట్టింది. రెండు చెవుల్లోనూ పాఠం వినిపించింది.

"ఇంగ్లీషోళ్ళకు మన 'ఎ' ఎట్ల తెలిసినాదంటా?" అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. గిద్దలూరులో దిగి వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు రోజూ పొడిగుడ్డతో తుడిచి, ఎల్ చూసుకొని ఎడమకు పెట్టుకుంటాను. పాఠం ఒక్కటీ మానలేదు. ఇంట్లో మళ్ళీ చెవుడంటే ఊరికే ఒప్పుకోను. ముందు ఇటుది అటు పెట్టి చూస్తాను.