మా తాతగారి శ్రుతిపెట్టెకు పెట్టిన పరీక్ష

కరోనా తరువాత సంగీత పాఠశాలలు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ నెలలో, కాకినాడలో ఒక ధర్మసంస్థ నడిపే సాయంకాల పాఠశాలకు నన్ను గాత్ర అధ్యాపకుడిగా పంపారు. పదవీ విరమణకు రెండేళ్లే ఉంది. రాజమహేంద్రవరం నుంచి ఒక పెట్టె బట్టలు, ఒక తంబుర, మా తాతగారి శ్రుతిపెట్టె వెంట తీసుకువెళ్లాను.

తాతగారి కాలంలో మా ఇంట్లో ఇద్దరు విద్వాంసులకు బస ఉండేది. తరువాత భూములు పోయాయి, మేడ పోయింది. ఈ శ్రుతిపెట్టె, ఆయన పేరు చెక్కిన ఒక పెద్ద ఇత్తడి చెంబు నా వాటాకు వచ్చాయి. చెంబు కూడా బట్టల పెట్టెలో నాతోనే వచ్చింది. సానుభూతి కోసం చెప్పడం లేదు. ఈ ఉదంతంలో రెండింటికీ పని ఉంది.

శ్రుతిపెట్టె తిత్తితో ఊదే చిన్న చెక్కపెట్టె. లోపలి ఇత్తడి రీడ్లు గాలికి కంపించి ఒకే స్వరాన్ని నిలకడగా పలుకుతాయి. అదే ఆధార షడ్జం, గాయకుడు తక్కిన స్వరాలన్నిటినీ దానితోనే కొలుచుకుంటాడు. ఆడవారి తరగతికి పెట్టెను వారి గొంతుకు తగిన ఎత్తైన ఐదు శ్రుతిలో ఉంచి, దానికి తంబుర కలిపి పాఠం మొదలుపెట్టేవాడిని. ఫోన్లు తరగతి బయట బల్ల మీద ఉండాలని నా నియమం.

కొత్తగా చేరినవారికి మొదటి మూడు నెలలూ పరిశీలన కాలం. చివర అధ్యాపకుడు రిజిస్టరులో రాసే అభిప్రాయాన్ని బట్టి పేరు మొదటి సంవత్సరానికి వెళుతుంది, లేదా అక్కడితో ఆగిపోతుంది.

ఆ ఏడాది కొత్తగా చేరిన పన్నెండు మందిలో నూకరత్నం అనే ముప్పయ్యేళ్ల ఆవిడ ఉండేది. పొద్దున హార్బరులో చేపలు అమ్మి, సాయంత్రం ఐదింటికల్లా వచ్చేది. ఒక్కరోజు మానలేదు. సరళీ వరుసలు తడుముకోకుండా పాడేది. కానీ తంబుర పక్కన ఆమె షడ్జం కాస్త పైకి జరిగేది. సరిదిద్దితే దిగేది, రెండు వరుసలు పాడేసరికి మళ్లీ ఎక్కేది. మిగతా పదకొండు మందికీ ఈ ఇబ్బంది లేదు.

గడువు ముగిసే వారంలో ఆమె పేరు ఎదుట ‘శ్రుతి నిలవదు’ అని రాశాను. సంతకానికి ముందు విద్యార్థికి చెప్పడం నా పద్ధతి కనుక పిలిచి చెప్పాను.

ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. “ఇంటికాడ బాగానే కలుత్తందండి మేష్టారూ. ఇక్కడికొచ్చాకే తేడా వచ్చేత్తంది.”

ఇంటి దగ్గర దేనితో కలుపుతున్నావని అడిగాను. ఫోనులో ఉచితంగా దొరికే తంబుర యాప్ అట. వీధి గోలలో వినబడదని ఫోనును ఖాళీ స్టీలు చెంబులో నిలబెట్టి రోజూ రెండు గంటలు సాధన చేస్తోందట.

“చెంబులో ఫోను పెడితే సంగీతం రాదమ్మా,” అన్నాను.

“ఆయ్. పోనీ ఓపాలి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు నాదైతే రేపట్నుంచి రానండి.”

మృదంగం అధ్యాపకులు సూర్యారావు గారు గుమ్మంలోంచి ఇదంతా వింటున్నారు. ఆయన ఎదుట కాదనలేక ఫోను తెప్పించాను. రెండూ మోగించాం. స్వరాలు కలవకుండా మధ్యలో గాలి అలలుగా ఊగింది. ఫోనుదే తప్పన్నాను. సూర్యారావు గారు తన ఫోనులో శ్రుతి కొలిచే మరో ఉచిత యాప్ తెరిచారు. అందులోని ముల్లు ఆమె ఫోనుకు సరిగ్గా ఐదు దగ్గర నిలబడింది. మా పెట్టెకు అంతకన్నా కింద, నాలుగున్నరకూ ఐదుకూ మధ్య ఆగింది. పక్క గదిలోని కీబోర్డు కూడా ఆమె పక్షానే పలికింది. రీడ్లకు చిలుము పట్టి ఎన్నేళ్లుగా శ్రుతి దిగిపోతోందో, నేను ఏనాడూ చూడలేదు.

“మీరు వచ్చిన మొదటి వారమే గమనించానండి,” అన్నారు సూర్యారావు గారు. “మృదంగం కాస్త దించి కలుపుకుంటున్నాను.”

“మరి చెప్పలేదేం?”

“మీ తాతగారి పెట్టె తప్పంటే ఆయన్ని అన్నట్టే కదండి. ఎవరంటారండి మీతో?”

నూకరత్నం నవ్వు ఆపుకుంది. “అయితే నా పేరు ఉంచుతారాండి?”

మిగతా పదకొండు మందీ ఇంట్లో శ్రుతి పెట్టుకుని పాడేవారు కాదు. తరగతిలో విన్న షడ్జాన్నే పట్టుకుని, అక్కడే వదిలి వెళ్లేవారు. సరైన ఐదుకు రోజూ సాధన చేసిన ఒక్క మనిషే నా చెవికి అపశ్రుతిగా వినిపించింది.

‘శ్రుతి నిలవదు’ అన్న మాట కొట్టేశాను. రిజిస్టరులో కొట్టివేతకు కారణం రాసి పొట్టి సంతకం చేయాలి. ‘శ్రుతిపెట్టె దోషం’ అని రాశాను. సూర్యారావు గారు భుజం మీదుగా చూసి, “పెట్టెదేనాండి?” అన్నారు. ‘అధ్యాపకుడు సరిచూడలేదు’ అని చేర్చి సంతకం పెట్టాను.

మర్నాడు ఇత్తడి చెంబు తరగతికి తీసుకువెళ్లాను. నూకరత్నం తన ఫోను అందులో నిలబెట్టింది. గది నిండా ఐదు శ్రుతి మోగింది. ఆమె చెంబు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి, “మీ తాతగారు ఇప్పుడు కరెక్టుగా పలుకుతున్నారండి,” అంది. తరగతంతా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ఆ వారంలోనే అందరి ఫోన్లలోనూ ఆ యాప్ వేయించి, ఇంటి సాధనను పాఠంలో భాగం చేశాను. నూకరత్నం మొదటి సంవత్సరం పూర్తిచేసింది. ఇప్పుడు తన వీధిలో ఆరుగురు ఆడపిల్లలకు సరళీ వరుసలు చెబుతోంది.

ఈ ఉదంతం నాకు ఒక పని నేర్పింది. ప్రతి నెలా మొదటి రోజు, విద్యార్థుల ఎదుటే, ముందు నా శ్రుతిని సరిచూడడం. వారి శ్రుతి గురించి ఆ తరువాతే మాట్లాడడం. విరమణ రోజు వరకూ అలాగే చేశాను. రెండు నిమిషాలు పట్టేది.