నిద్రపోనివ్వని బస్సు

ఈ పొద్దున పరీక్ష కోసం మా అబ్బాయి తలకు షాంపూ రుద్దుతుంటే, ఆ వాసనకు నా పదకొండో ఏడు కళ్ల ముందుకొచ్చింది. నాకూ ఇదే పరీక్ష చేశారు. తలనిండా తీగలంటించి, కునుకు పట్టేటప్పుడు మెదడు గీసే గీతలు చూస్తారు. మెలకువలో దాక్కున్న మూర్ఛ గీతలు నిద్ర చాలని మెదడులో బయటపడతాయట. అందుకే పిల్లను రాత్రి పడుకోనివ్వకుండా తీసుకురమ్మన్నారు.

మాది ఆలూరు. బంతిపూల కాలంలో ఇంటిల్లిపాదీ చీకటితోనే లేచి, మంచుకు తడిసిన ఆకుల పసరు వాసనలో పూలు తెంపేవాళ్లం. అలాంటి పొద్దుల్లోనే నా చేతులు ఉన్నట్టుండి ఎగిరి చాయ్ గ్లాసు జారిపోయేది. ఒకరోజు పూలకుప్ప మీదే ఫిట్స్ వచ్చి పడిపోయాను.

పరీక్షకు ముందు రాత్రంతా ఉడకబెట్టిన పల్లికాయ తినిపిస్తూ, అష్టాచెమ్మ ఆడిస్తూ నన్ను మేలుకొని ఉండేలా చూశారు. తెల్లారగానే మా అవ్వ, అంటే అమ్మ, పట్నం పోయే పిల్ల చింపిరి జుట్టుతో పోతుందా అని, కారేటంత నూనె పెట్టి జడ వేసింది. నాన్నను బాపు అనేదాన్ని; చేవెళ్లలో బస్సెక్కగానే నా తల ఆయన భుజం మీద వాలింది.

"పండకు బిడ్డా, పండితె పరీక్ష ఖరాబైతది!" అని బాపు మొత్తుకున్నాడు. బస్సంతా విన్నది. ఇంక నన్ను వదిలారా! మొయినాబాద్‌లో ఎక్కిన ఒకామె ఉప్పద్దిన ఉసిరికాయ నోట్లో కుక్కింది, కంప్యూటర్ కోర్సుకు పోయే అక్కలు చప్పట్లు కొట్టి పాటలు పాడించారు, కండక్టరేమో "పంటే టికెట్ డబల్ పిల్లా!" అని బెదిరించాడు. గండిపేట దాటేసరికి నేను ఏడుస్తూనే నవ్వుతున్నాను.

దవాఖానలో తీగలు నూనెకు జారిపోయాయి. నర్సు తిట్టుకుంటూ నా తలకు షాంపూ పెట్టి కడిగింది. చన్నీళ్లకు పోయిన నిద్ర ఎట్టకేలకు వచ్చింది, గీతలూ దొరికాయి. డాక్టరమ్మ అవి చూపిస్తుంటే, రాత్రంతా నాతోపాటు మేలుకునే ఉన్న బాపు చేయి ఎగిరి చాయ్ గ్లాసు కింద పడింది.

"నీకెప్పటి నుంచి?" అని అడిగిందామె.

"చిన్నప్పటి సంది. పిల్లనియ్యరని ఎవరికీ చెప్పలే," అన్నాడు బాపు. తర్వాత నా చేయి పట్టుకొని, "నా నుంచే వచ్చింది బిడ్డా," అని ఏడ్చాడు.

"అయితే మనిద్దరం ఒక్కటే బాపు," అన్నాను సంబరంగా.

మందులు ఇద్దరికీ పనిచేశాయి. ఇప్పుడు బాపు లేడు, పూలతోటలు ప్లాట్లయ్యాయి. అద్దాలెత్తిన క్యాబ్‌లో దవాఖానకు పోతుంటే మావాడి తల నా భుజం మీద వాలుతోంది. ఆ బస్సులోవాళ్లు ఒక్కరున్నా ఎంత బాగుండు! డ్రైవర్ మంచివాడే. పిల్లాడు పడుకున్నాడని మెల్లగా పాట ఆపేశాడు.