బోర్ఘిల్డ్ ఇంటికొచ్చిన వేరేవాళ్ళ చుట్టాలు

బోర్ఘిల్డ్ హౌగెన్‌కు కాదనడం చేతకాదు. ఫెర్రీ క్యాంటీన్‌లో వంట చేసినన్నాళ్ళూ మిగతావాళ్ళ ఆదివారం డ్యూటీలన్నీ ఆమె నెత్తినే పడేవి. రాంగ్ నంబరు ఫోన్ వచ్చినా, అవతలివాళ్ళు నొచ్చుకుంటారని కాసేపు మాట్లాడి గానీ పెట్టేది కాదు. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఆమె ఉండే లోయలో ఆమెకు శత్రువులంటూ ఎవరూ లేరు. తీరిక కూడా లేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె నిచ్చెనెక్కి కొట్టం గోడకు ఎర్ర రంగు వేస్తుండగా పెద్ద వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఒకే రకం తెల్ల చొక్కాలు తొడుక్కున్న జనం బిలబిలమంటూ దిగారు. చొక్కాల మీద 'హౌగెన్ కుటుంబం' అని రాసుంది. ఆమె కిందికి దిగీ దిగగానే ఒకరి తరువాత ఒకరు కావలించుకున్నారు. ఆ లోయలో అన్నదమ్ములు కూడా అంత దగ్గరికి రారు. ఆవిడ చేతి రంగు అందరి వీపులకూ అంటుకుంది. అది కూడా ఇక్కడి ఆనవాయితీయే అనుకున్నట్టున్నారు.

హౌగెన్ అంటే అక్కడి భాషలో దిబ్బ. ఎక్కడ దిబ్బ ఉంటే అక్కడొక హౌగెన్ అనే పొలం, అక్కడుండేవాళ్ళ ఇంటిపేరు హౌగెన్. అమెరికా నుంచి వచ్చిన వీళ్ళకు ఆ సంగతి తెలియదు. బోర్ఘిల్డ్ అత్తింట్లో గానీ పుట్టింట్లో గానీ సముద్రం దాటినవాళ్ళు లేరు. ఆమె తాతకు ఫెర్రీ ఎక్కితేనే వాంతులయ్యేవి. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు, చక్రాల కుర్చీలో ఒక ముసలావిడను ముందుకు తోసుకొచ్చారు. పేరు అర్లీన్. తొంభైకి దగ్గర పడింది. పుట్టింది పెరిగింది డకోటాలోనే అయినా తండ్రి దగ్గర నేర్చిన ఈ లోయ పాత యాసలో మాట్లాడింది. బోర్ఘిల్డ్ నాయనమ్మ పోయాక ఆ యాస లోయలో ఎవరి నోటా వినబడలేదు.

"మా నాయిన పుట్టిన ఇల్లు ఇదేనా తల్లీ?" అంటూ అర్లీన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ ఇల్లు బోర్ఘిల్డ్ మొగుడు పెళ్ళయ్యాక కట్టించింది. అయినా నాయనమ్మే అడిగినట్టనిపించి, బోర్ఘిల్డ్ నోట "అవునమ్మా" అన్న మాట జారిపోయింది.

అక్కడి నుంచి కథ ఆమె చేతిలో లేదు. అందరినీ లోపల కూర్చోబెట్టి కాఫీ కాచి, వాఫిల్ అట్లు పోసి, జామూ గోధుమరంగు చీజూ పెట్టింది. అర్లీన్ కొడుకు డ్వేన్, తాత ఏ గదిలో పుట్టాడని సైగలతో అడిగాడు. ఆమె కంగారులో ఫ్రీజరున్న గది చూపించింది. అంతా టోపీలు తీసి లోపలికెళ్ళి, ఫ్రీజరు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

బోర్ఘిల్డ్ వంటగది తలుపు మూసి ఏటి అవతల హౌగెన్‌లో ఉండే ఒడ్వార్‌కు ఫోన్ చేసింది. వాళ్ళ చినతాత ఒకడు కుర్రతనంలోనే అమెరికా వెళ్ళిపోయాడని లోయలో అందరికీ తెలుసు. ఒడ్వార్ పెళ్ళి చేసుకోలేదు. మాట్లాడితే నోరరిగిపోతుందన్నట్టు ఉండేవాడు.

"ఒడ్వార్, మీ చుట్టాలు మా ఇంట్లో ఉన్నారు."

"ఎందుకొచ్చారంట?"

"చూడ్డానికి."

"మా అడవిలో వాటా అడుగుతారు. నీ దగ్గరే ఉంచుకో" అని పెట్టేశాడు.

కానీ మనసు ఆగలేదు. కాసేపటికి, నిచ్చెన అరువు కావాలన్న వంకతో ట్రాక్టరు మీద వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ తలలు తిప్పి చూశారు. ఒడ్వార్ చెవులు చేటల్లా పక్కకు విచ్చుకుని ఉంటాయి. బల్ల చుట్టూ కూర్చున్న మగవాళ్ళందరివీ అవే చెవులు. అర్లీన్ అతణ్ణీ, కొడుకునూ, మళ్ళీ అతణ్ణీ చూసింది. తరువాత బోర్ఘిల్డ్ వైపు తిరిగింది.

బోర్ఘిల్డ్ ముఖం కందగడ్డలా అయింది. ఉన్నదంతా చెప్పేసి క్షమించమంది. బోర్ఘిల్డ్ ఏమంటోందని డ్వేన్ అడిగితే అర్లీన్ ఆ మాట దాటేసింది. ఇంకో అట్టు వేయమంది.

"మావోళ్ళకు ఇప్పుడే చెప్పబాకు తల్లీ. ఫ్రీజరుకు అంత భక్తిగా ఫొటోలు తీసుకున్నారు" అని, ఒడ్వార్‌ను పిలిచింది. "ఏమబ్బాయ్, నువ్వెవరి బిడ్డవి?"

"నిచ్చెన కోసం వచ్చాను" అన్నాడు ఒడ్వార్.

"నిచ్చెన యాడికీ పోదులే. కూచో."

అరవై దాటిన ఒడ్వార్‌ను అబ్బాయ్ అన్నవాళ్ళు చాలాకాలంగా లేరు. కూర్చున్నాడు.

సాయంత్రం, ఒడ్వార్ పొలం చూసొద్దామని అర్లీన్ అంటే అందరూ ఏరు దాటి వెళ్ళారు. అర్లీన్ తండ్రి పుట్టిన అసలు ఇల్లు, దుంగలతో కట్టింది, పెరట్లో ఇంకా నిలిచే ఉంది. ఒడ్వార్ అందులో బంగాళాదుంపలు పోసుకుంటున్నాడు. అర్లీన్ గోడ తడిమి చాలాసేపు ఏడ్చింది. ఒడ్వార్ ఏం చేయాలో తోచక ఆమె చేతిలో ఒక బంగాళాదుంప పెట్టాడు. తరువాత మెల్లగా అడవి సంగతి ఎత్తాడు. తమ గోధుమ పొలానికి అంచు కనబడదనీ, ఈ నాలుగు చెట్లు తామేం చేసుకుంటామనీ అర్లీన్ నవ్వింది. నాలుగు చెట్లన్నందుకు ఒడ్వార్‌కు ఒళ్ళు మండింది. గట్టు దాకా నడిపించి, మొత్తం చూపించి గానీ డ్వేన్‌ను వదల్లేదు.

మర్నాడు నిజం తెలిశాక డ్వేన్ తల గోక్కున్నాడు. అయినా బోర్ఘిల్డ్‌ను వదులుకోవడానికి ఒప్పుకోలేదు. తొలి కాఫీ ఇచ్చింది ఆవిడ కాబట్టి ఆవిడా చుట్టమేనన్నాడు. బీరకాయ పీచు చుట్టరికంలో పీచు కూడా లేదిక్కడ, బీరకాయ మాత్రమే ఉంది. బోర్ఘిల్డ్ కాదనలేదు.

మిగతావాళ్ళు ఊళ్ళు చూడడానికి వెళ్తే అర్లీన్ ఆ వారమంతా బోర్ఘిల్డ్ ఇంట్లోనే ఉంది. ఒడ్వార్ రోజూ సాయంత్రం వచ్చి మూల కుర్చీలో కూర్చునేవాడు. చినతాత పేదరికం తట్టుకోలేక వెళ్ళాడని వాళ్ళింట్లో చెప్పుకునేవారు. అర్లీన్ అది విని, అదేం కాదని చెయ్యి ఊపేసింది. తండ్రికీ ఆయన అన్నకూ, అంటే ఒడ్వార్ తాతకూ, గంజి దగ్గర తగువొచ్చిందట. ఉప్పెయ్యమంటే అన్న వెయ్యలేదట. అలిగిన తమ్ముడు వెళ్ళి డకోటాలో తేలాడు.

ఒడ్వార్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆపైన జీవితంలో ఎన్నడూ లేనంత పొడుగు మాట మాట్లాడాడు.

"మీ నాన్నదే న్యాయం. మా తాత చచ్చేదాకా ఉప్పు వెయ్యలేదు. నేను తిన్నాను కదా ఆ గంజి. నాకూ వెళ్ళిపోవాలనిపించేది, కానీ టికెట్ ఎక్కడ కొనాలో తెలీలేదు."