ఆదివారం తాలుకాయలు

మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో కాయ చూసే గుమస్తా. రైతు బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి, విరిచి, వాసన చూసి ఏ రకమో తేల్చడం ఆయన ఉద్యోగం. మంచిదే. కానీ చెప్పులతోపాటు ఆ పనినీ గుమ్మం బయట వదలాలా, వద్దా? సెలవురోజు కూడా మంచం మీద కాయలు పోసుకుని సాధన చేసేవాడు. "రోజూ చూడకపోతే చెయ్యి మొద్దుబారుద్దే" అనేవాడు. పోనీ కాయలతో ఆగాడా? నేను కొత్త చీర కడితే "రంగు వెలిసింది, రెండో రకం" అనేవాడు. ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడు మా నాన్న ప్రత్తిపాడు దగ్గర కౌలుకు చేసిన పంట యార్డుకు తెచ్చాడు. తెగులు తినగా మిగిలిన పంట. దాని ధర బాగుంటేనే ఆ చేను మళ్లీ చేతికొచ్చేది. అమ్మకం సోమవారం. ఆదివారం అందులోంచే ఓ సంచి కాయలు నాకని ఇంటికి తెచ్చాడు.

అరుగు మీద మా ఇంటి ఓనరు కూర్చునున్నాడు. యార్డులో సరుకు కొనే వ్యాపారి ఆయన. ఆయన చూస్తున్నాడని మా ఆయనకు ఇంకాస్త హుషారు. సంచి అందుకుని అరుగు మీదే గుమ్మరించాడు.

"ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, లోపలికి రండి" అని కళ్లతో సైగ చేశాను. వింటేగా!

"తెల్లబడ్డ తాలు ఎక్కువుంది మామయ్యగారూ. తడి కూడా తగులుతోంది. నీళ్లు చల్లారా?"

"కాయ నలక్కుండా కాసిని చల్లాం బాబూ, అందరూ చల్లేదేగా" అన్నాడు నాన్న, తల దించుకుని.

"మీ అల్లుడి చెయ్యి బాగా తిరిగిందండోయ్" అని నవ్వాడు ఓనరు.

మర్నాడు ఆ ఓనరే నాన్న సరుకును ముట్టుకోకుండా ధర కోశాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ. కంచే చేను మేయడమంటే ఇదే. నాన్న అయినకాడికి అమ్ముకుని అట్నుంచటే బస్సెక్కాడు. చేను వేరేవాళ్లకు పోయింది. నాన్న మా గడప మళ్లీ తొక్కలేదు.

"ఉన్నమాటేగా అన్నాను" అన్నాడు మా ఆయన.

"యార్డులో అంటే ఉద్యోగం. సెలవురోజు ఇంటి అరుగు మీద అంటే నోటిదూల" అన్నాను.

ఆ సంచి మాత్రం నేను పారెయ్యలేదు. రంగూ ఘాటూ లేని ఆ తాలుకాయలన్నీ ఏరి, వేరే డబ్బాలో పోసి కారం కొట్టాను. నాకూ పిల్లలకూ మంచి కారం, ఆయన కూరలోకి ఆ కారం. మొదటి ముద్దకే కనిపెట్టాడు. నావైపు చూశాడు.

"తినండి" అన్నాను. "సాధన తప్పకూడదుగా."