వంకర దారం

ఇతాగువా ఊళ్లో లేసు అల్లే యులోహియాకు ఈమధ్య మనుషుల్ని ఓరగా చూడటం అలవాటైంది. వయసు మీదపడి కంటి వెనకున్న తెర నడిమిభాగం అరిగిపోతోందని డాక్టరు చెప్పిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆరోజు వరండాలో, అల్లుకుంటున్న ఆడవాళ్లందరి ముందూ మేనకోడలు ఫెలీసాను కసిరింది. "దారాలన్నీ వంకరే! అవి చేతులా, కాళ్లా? విప్పెయ్."

"తిన్నగానే ఉన్నాయి కదా అత్తా," అంటూనే ఫెలీసా కన్నీళ్లు మింగి విప్పసాగింది. యులోహియా తలెత్తి చూస్తే ద్వారబంధం కూడా వంకరగానే కనిపించింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లి, మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ కనిపించని పిల్ల చేతులు పట్టుకుంది. "తప్పు నా కళ్లదే తల్లీ, నీది కాదు. మనసులో పెట్టుకోకు."

"అత్తా," అంది ఫెలీసా పక్క బల్ల మీంచి మెల్లగా, "నేనిక్కడున్నాను."